పన్నెండో జాతర

మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. అమరచింత బాలమ్మకు మొగుడు కొట్టనే అక్కర్లేదు. కురుమయ్య ఈగను తోలడానికి కూడా మొహమాటపడే మనిషి. తోటికోడలు స్వరూప తన ఇంట్లో తాను నవ్వుకుంటే చాలు, ఇక్కడ బాలమ్మకు తిన్నది అరగదు.

ఆ రెండిళ్ల మధ్య ఒక ఖాళీ జాగా ఉండేది. ఒకప్పుడు అది లాల్ అహ్మద్ ఇల్లు. గడియారాలు బాగు చేసేవాడు. ఒక వానాకాలం ముసురు పట్టి మట్టిగోడలు నాని కూలిపోతే, ఆయనా ఆయన భార్య ఖుర్షీద్ బేగం కొడుకు ఫహీమ్ దగ్గరికి రాయచూరు వెళ్లిపోయారు. అక్కడే లాల్ అహ్మద్ కాలం చేశాడని తర్వాత కబురొచ్చింది. ఇల్లున్న చోట గడప రాయి ఒక్కటి మిగిలింది. దాని చుట్టూ సర్కారు తుమ్మ మొలిచింది. ఊళ్లోవాళ్లు చెత్త తెచ్చి పోయడం మొదలుపెట్టారు.

ఒక ఏడాది కురుమూర్తి జాతర నుంచి వచ్చిన మర్నాడు బాలమ్మ గొడ్డలి పట్టుకుని ఆ తుమ్మ నరికేసింది. ఎందుకంటే ఏమీ లేదు, బర్రెను కట్టేయడానికి చోటు కావాలి. నరికిన కంపతోనే చుట్టూ కంచె వేసింది. కొట్టం లేచింది, గడ్డివామి లేచింది, పాత గడప పక్కన బీరపాదు పందిరెక్కింది. పిడకలు ఎండడానికి అంత మంచి చోటు ఊళ్లో ఇంకోటి లేదు. అప్పటికి ఆమె మనసులో ఏ దురాశా లేదు, అది మాత్రం ఒప్పుకోవాలి.

దురాశ వనపర్తిలో అంటుకుంది. నాలుగేళ్ల తర్వాత అన్నదమ్ముల భాగాల తగాదాలో తన అన్నకు సాక్ష్యం చెప్పడానికి బాలమ్మ కోర్టుకు వెళ్లింది. వేపచెట్టు కింద కూర్చుని వకీలు రాఘవేందర్ ఎవరికో చెబుతున్న మాట చెవిన పడింది. పరాయి జాగా అయినా పన్నెండేళ్లు ఏలుకుంటే ఏలుకున్నవాళ్లదే అవుతుందట. బాలమ్మ ఆయన చాయ్ తాగేదాకా ఆగి దగ్గరికి పోయింది.

"నాకు గట్లాంటి జాగ ఒకటుంది సారు. నాలుగు జాతరలాయె."

"పన్నెండు గావాలె. పన్నెండేండ్లు అందరు చూస్తుండంగ, నాదే అన్నట్టు ఏలుకోవాలె. ఆ లోపల అసలు వాళ్లొచ్చి కొట్లాడొద్దు. పన్నెండు దాటినంక వచ్చినా వాళ్ల మాట కోర్టుల నిలవడదు."

"గంతేనా?"

"ఇంకో రెండున్నయి. వాళ్లు ఊరు ఇడిసి పోంగ ‘జర చూసుకో, వాడుకో’ అని నీకేమన్న చెప్పిండ్రా?"

"చెప్పలే సారు. ఏడ్సుకుంటనే బండెక్కిండ్రు."

"అయితే మంచిదే. ఒకరు వాడుకో అంటే వాడుకున్నది నూరేండ్లయినా లెక్కకు రాదు. ఇగ రెండోది, నీ నోట్లకెళ్లి ‘అది వాళ్లది’ అన్న మాట ఎప్పుడూ రావొద్దు. వచ్చిందా, లెక్క మళ్ల మొదటికి. నోరు మూసుకుంటే జాగ నీది, తెరిస్తే వాళ్లది."

ఆ మాట బాలమ్మ కొంగున ముడేసుకుని వచ్చింది. ఇంటికి రాగానే అంగట్లో మేకులు కొని, కొట్టం గుంజకు వరసగా నాలుగు కొట్టింది. జాతరకొక మేకు. ఏంటని కురుమయ్య అడిగితే విషయం చెప్పింది.

ఆయన ఎత్తిన అన్నం ముద్ద పళ్లెంలోనే వదిలేశాడు. "ఖుర్షీదక్క నిన్ను సొంత చెల్లె లెక్క జూసింది. ఆమె జాగకే ఎసరు వెడ్తవా?"

"ఆమె మళ్ల యాడొస్తది? నేను ఊకుంటే రేపు నీ తమ్ముని పెండ్లాం అండ్ల ట్రాక్టర్ వెడ్తది. అప్పుడు చూసుకుంట కూసో."

అదీ అసలు సంగతి. స్వరూప కురుమయ్య తమ్ముడు వెంకటన్న భార్య. పదో తరగతి చదివింది, అంగన్‌వాడీలో పిల్లలకు పాఠాలు చెబుతుంది. భాగాలు పంచుకున్నప్పుడు పాతిల్లు పెద్దవాళ్లకొచ్చింది, ఖాళీ జాగాకు అవతల వట్టి నేల చిన్నవాళ్లకొచ్చింది. ఆ వట్టి నేల మీద స్వరూప స్లాబు ఇల్లు కట్టించింది. బాలమ్మ ఇంటికి ఇంకా అవే పాత దూలాలు. అత్త చనిపోతూ తన కాళ్ల వెండి కడాలు చిన్నకోడలి చేతిలో పెట్టింది. బాలమ్మ పద్దెనిమిదేళ్లు కాళ్లు పిసికిన అత్త! ఆ పిల్ల ఎవరితోనైనా చల్లగా మాట్లాడుతుంది, ఎవరు ఇంటికొచ్చినా పింగాణీ కప్పుల్లో చాయ్ ఇస్తుంది. ఊళ్లో ఆడవాళ్లు "స్వరూప నోరు తేనె" అంటారు. ఎదురుగా బాలమ్మ ఉంటే మాట మార్చి వానల గురించి మాట్లాడతారు. నోరు మంచిదైతే ఊరు మంచిదట. బాలమ్మ నోరు మంచిది కాదని ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు, కానీ ఆ తేనె వెనక ఏముందో చూసినవాళ్లు ఎవరని ఆమె వాదన. కడుపులో ఓర్వలేనితనం పెట్టుకున్నవాళ్లకు ఎదుటివాళ్ల మంచితనం కూడా కంట్లో నలుసే.

ఒక్క సుఖం మాత్రం బాలమ్మకు మిగిలింది. వెంకటన్నకు ట్రాక్టర్ ఉంది కానీ పెట్టడానికి చోటు లేదు. పొద్దునా సాయంత్రం ఆ సందులో దాన్ని ముందుకూ వెనక్కూ తిప్పలేక చెమటలు కక్కుతుంటాడు. పక్కనే అంత జాగా. కంచె ఇవతల బాలమ్మ పిడకలు కొడుతూ ఆ వేడుక చూస్తుంది. ఒకసారి స్వరూప వచ్చి, "అక్కా, ఒక పక్కకు ట్రాక్టర్ పెట్టుకోమా?" అని అడిగింది. "బర్రె బెదుర్తది" అంది బాలమ్మ. ఆ రోజు రెండు ముద్దలు ఎక్కువ తింది.

అట్లా గుంజకు పదకొండు మేకులు పడ్డాయి. రెండువేల ఏడు శ్రావణం వచ్చింది. దీపావళి దాటితే జాతర. పన్నెండో మేకు కొని దీపం గూట్లో పెట్టుకుంది బాలమ్మ. రోజూ దీపం వెలిగిస్తూ దాన్ని ఒకసారి తాకేది. పట్టా చేతికొచ్చాక కంచె తీసి గోడ కట్టించాలి, ఆ గోడ స్వరూప కిటికీకి అడ్డంగా రావాలి. గాలి కూడా వెళ్లకూడదు. గోడ ఎత్తు కూడా లెక్కగట్టుకుంది.

శనివారం పొద్దున కొట్టంలో పేడ కలుపుతుంటే సందు మొదట్లో మోటార్‌సైకిల్ ఆగింది. దిగినావిడ నల్ల బురఖా ముసుగు పైకి తీసి, కళ్లద్దాలు తుడుచుకుని, జాగా వైపు చూస్తూ నిలబడింది. నడుము వంగింది, మనిషి సగమైంది. అయినా బాలమ్మ ఒక్క చూపుకే గుర్తుపట్టింది. ఖుర్షీద్ బేగం. పక్కన ఫహీమ్.

బాలమ్మ గడ్డివామి వెనక్కు పోయి కూర్చుంది. వకీలు మాట చెవిలో మోగింది, నోరు మూసుకుంటే జాగ నీది. మూడు నెలలు. ఎట్లాగైనా ఈ పూట ఎదురుపడకుండా ఉంటే చాలు, వాళ్లే చూసి పోతారు.

కానీ ఆ మనిషి ముఖం చూశాక ఆమెకు ఇంకోటి కూడా గుర్తొచ్చింది. పదిహేనేళ్ల వయసులో ఈ ఇంటికి కాపురానికొచ్చినప్పుడు, అత్త తిడితే ఈ గడప రాయి మీద కూర్చునే ఏడ్చేది. ఖుర్షీదక్క తలకు నూనె పెట్టి జడేసేది. రంజాన్ నాడు అందరికంటే ముందు సేమియా గిన్నె బాలమ్మకే. కామెర్లయి కళ్లు పచ్చబడ్డప్పుడు కర్నూలు దవాఖానలో తొమ్మిది రోజులు పక్కన కూర్చున్నది పుట్టింటివాళ్లు కాదు, ఈమె. ఊళ్లో బాలమ్మను బాలమ్మగా ఇష్టపడ్డ మనిషి ఒక్కతే ఉంది, ఆ మనిషి ఇప్పుడు పది గజాల దూరంలో నిలబడింది. బాలమ్మ గడ్డి వెనక దాక్కుంది.

"ఎవరు? ఖుర్షీద్ పెద్దమ్మనా? రాండ్రి, రాండ్రి, ఎండల నిలవడ్డరేంది?" స్వరూప గొంతు.

ఇంకేముంది, అరుగు మీద చాప పడింది, పింగాణీ కప్పులొచ్చాయి. స్వరూప ఈ ఊరికి కోడలిగా వచ్చిన ఏడాదే ఖుర్షీద్ బేగం వెళ్లిపోయింది. వాళ్లిద్దరి మధ్యా పట్టుమని పది మాటలు కూడా ఉండవు. అయినా అరుగు మీద నుంచి నవ్వులు వినిపిస్తున్నాయి, పుట్టినప్పటి నుంచీ కలిసి పెరిగినట్టు. బాలమ్మ పొలానికి పోదామని లేచింది. వెనక వైపు దారి ఉంది, ఎవరికీ కనబడకుండా పోవచ్చు. పోయినా బాగుండేది. బీరపందిరి దాకా వచ్చాక ఆ మాటలు స్పష్టంగా వినబడ్డాయి, కాళ్లు ఆగిపోయాయి.

"జాగ ఎంత సాఫ్ ఉందమ్మా. ముళ్లచెట్లు మొలిచి జంగిల్ అయ్యిందేమో అనుకుంట వచ్చిన" అంటోంది ఖుర్షీద్ బేగం.

"జంగిల్ ఎట్లయితది పెద్దమ్మ, పక్కపొంటి మేము లేమా? చూసుకుంట ఉన్నం."

"అల్లా నీకు మంచిగ జేస్తడు బేటీ. ఈ ఊర్ల నాకు ఇగ ఎవ్వరు లేరనుకున్న. నువ్వున్నవ్."

నువ్వున్నవ్. కడాలు తీసుకుంది, సరే. అత్తను తీసుకుంది, ఊరిని తీసుకుంది, సరే. ఇప్పుడు ఖుర్షీదక్కను కూడానా? ఒక్క ముల్లు తీయని చేతులు, ఒక్క రోజు ఊడ్వని చేతులు, పింగాణీ కప్పు పట్టుకుని "చూసుకుంట ఉన్నం" అంటాయా? ఊరకున్నంత ఉత్తమం లేదు, ఆగవే బాలమ్మా అని చెప్పేవాళ్లు ఆ పందిరి కింద ఎవరూ లేరు. పేడ చేతులతోనే చేతికందిన బీరకాయలు ఐదారు తెంపి, ఒళ్లో పోసుకుని, కంచె సందులోంచి గబగబా దాటి అరుగు ముందుకొచ్చి నిలబడింది.

"ఏం జూసుకుందక్కా ఆమె? అడుగు. ఒక్క పుల్ల తీసిందేమో అడుగు. కంప కొట్టింది నేను. చెత్త ఎత్తింది నేను. నీ గడప రాయిని పన్నెండేండ్ల నుంచి రోజు ఊడ్సి నీళ్లు సల్లుతున్నది నేను. నీ జాగను కాపాడింది నేనక్కా, ఈమె కాదు." ఒళ్లోని బీరకాయలు చాప మీద గుమ్మరించింది. "ఇగో, ఇవన్ని నీ జాగల కాసినయే. నీవే ఇవి. తీస్కపో."

ఖుర్షీద్ బేగం కళ్లద్దాల్లోంచి ఒక్క క్షణం చూసింది. "బాలమ్మా" అంటూ లేచి, పేడ అంటుతుందని కూడా చూడకుండా రెండు చేతులా పట్టుకుంది. "అరే, నా బాలమ్మ. నాకు ఒక ముక్క తెల్వదు. నువ్వు నా అమానత్ కాపాడినవ్. చూడు ఫహీమ్, ఒకరి సొమ్ము దాచిపెట్టి గిట్ల అప్పజెప్పేటోళ్లు ఈ కాలంల ఉన్నరా?"

ఫహీమ్ చేతులు జోడించి దండం పెట్టాడు. స్వరూప ముఖం పాలిపోయింది. "నేను గట్ల అనలేదక్కా, పక్కపొంటి ఉంటిమి కాబట్టి..." అని నసిగింది. ఆ నసుగుడు బాలమ్మ చెవులకు పెళ్లి మేళంలా వినిపించింది. చాప మీద ఖుర్షీదక్క పక్కనే కూర్చుంది. స్వరూప ఇచ్చిన పింగాణీ కప్పులోనే చాయ్ తాగింది, అది కూడా చప్పుడు చేస్తూ. కర్నూలు దవాఖాన కబుర్లు చెప్పుకుని ఇద్దరూ ఏడ్చారు, నవ్వారు. ఆ గంటసేపు ఉన్నంత సంతోషం బాలమ్మ జన్మలో ఎరగదు. మోటార్‌సైకిల్ వెళ్లేటప్పుడు బీరకాయల సంచి తానే ఫహీమ్ చేతికిచ్చింది.

తిరిగి కొట్టంలోకి వచ్చి పేడ గంప ఎత్తబోతుంటే గుంజ మీద పదకొండు మేకులు కనిపించాయి. గంప అక్కడే వదిలేసి గడ్డి మీద కూలబడింది.

సోమవారం వనపర్తి బస్సెక్కింది. రాఘవేందర్ అంతా విని, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"నువ్వే అన్నవా? నీ అంతట నువ్వే?"

"అన్న సారు."

"ఎందుకన్నవమ్మా?"

తోటికోడలిని మెచ్చుకుంటే తట్టుకోలేకపోయానని వకీలుకు ఎట్లా చెబుతుంది? కోర్టు కాగితాలన్నీ చదివిన పెద్దమనిషికి ఇది మాత్రం ఏ పుస్తకంలోనూ దొరకదు.

"ఆమె, ఆమె కొడుకు, నీ తోటికోడలు, ముగ్గురు విన్నరు. ఇగ కేసు లేదు, ఏం లేదు. ఇంటికి పో" అన్నాడాయన, తిట్టకుండానే.

దసరా దాటాక ఫహీమ్ మళ్లీ వచ్చాడు. ఈసారి నేరుగా బాలమ్మ ఇంటికే. చెల్లెలు ఆఫియా నర్సు చదువుకు జాగా అమ్ముతున్నామని, ముందు బాలమ్మను అడిగి ఆమె వద్దంటేనే ఇంకొకరిని అడగమని అమ్మ ఒట్టు వేయించుకుందని చెప్పాడు. కురుమయ్య తల వంచుకున్నాడు. ఆ ఏడు రెండు బోర్లు వేస్తే రెండూ ఎండినవే. బాలమ్మ ఫహీమ్ ముఖం చూడలేక గూట్లోని దీపం వైపు చూసింది. నాది నేను కొనుక్కునుడేందని లోపల ఏదో ఇంకా మొండికేస్తూనే ఉంది.

"మాతోని గాదు బిడ్డా" అంది చివరికి.

స్వరూప కడాలు కుదువ పెట్టింది, వెంకటన్న మిగతా డబ్బు ఎక్కడో సర్దాడు, జాగా వాళ్లే కొన్నారు. ఆత్మకూరు రిజిస్ట్రేషన్ ఆఫీసులో కాగితం రాసేరోజు ఖుర్షీద్ బేగం పట్టుబట్టింది. సాక్షి సంతకం బాలమ్మదే కావాలి. నిజాయితీ అంటే ఆమెదేనట. కాదనడానికి ఏ సాకూ దొరకలేదు. కాగితాలు రాసే హన్మంతు హద్దులు పైకి చదివాడు. తూర్పున కురుమయ్య ఇల్లు, పడమర వెంకటన్న ఇల్లు, ఈ నడిమి జాగా ఏ వివాదమూ లేకుండా అమ్మకందారు స్వాధీనంలోనే ఉన్నది.

"నిజమేనా అమ్మా?" అడిగాడు హన్మంతు, సిరా డబ్బా ముందుకు జరుపుతూ.

అందరూ బాలమ్మ వైపు చూశారు. ఖుర్షీద్ బేగం చిన్నగా నవ్వుతూ చూసింది.

"నిజమే" అని బాలమ్మ వేలిముద్ర వేసింది. బొటనవేలికి అంటిన నల్ల సిరా ఇంటికొచ్చి ఎంత రుద్దినా ఆ రోజుకు పోలేదు. దీపం గూట్లోని మేకు కురుమయ్య కంటబడింది. చొక్కా తగిలించుకోవడానికి లేక ఇన్నాళ్లూ ఇబ్బంది పడుతున్నాడట, తీసుకెళ్లి గోడకు కొట్టుకున్నాడు. అదేమిటో ఆయనకు గుర్తు లేదు.

మర్నాడు పొద్దున్నే బాలమ్మ జాగాలోకి పోయింది. బర్రెను విప్పింది. ఎండిన పిడకలు గంపకెత్తింది. జాతరకు ఇంకా పదిహేను రోజులుంది. బీరపాదు మొదలు రెండు చేతులా పట్టుకుని పీకబోతుంటే వెనక నుంచి స్వరూప వచ్చి చెయ్యి పట్టుకుంది. ఆ పిల్ల కాళ్లకు కడాలు లేవు, చీలమండల దగ్గర తెల్లటి గుర్తు మాత్రం ఉంది.

"పీకకు అక్కా. పచ్చని పాదు, పాపం. నువ్వు వెట్టిందేనాయె." స్వరూప గొంతులో ఎగతాళి లేదు. వెతికి చూసింది బాలమ్మ, ఎక్కడా లేదు. "ట్రాక్టర్ ఒక మూలకుంటది. మిగిలిందంత నువ్వే వాడుకో. బర్రెను కట్టేసుకో, పిడకలు కొట్టుకో. ఎన్నేండ్లయినా వాడుకో అక్కా, నేను వద్దని అననే అనను."

వాడుకో. ఇన్నేళ్లూ ఎవరి నోటి నుంచీ ఆ మాట రాకూడదని భయపడ్డ బాలమ్మ ముందు ఆ పిల్ల దాన్ని రెండుసార్లు అంది, అదీ మనసారా. ఒకరు వాడుకో అంటే వాడుకున్నది నూరేండ్లయినా లెక్కకు రాదు.

బాలమ్మ పాదు వదిలేసింది. వంగి బర్రె పలుపు తీసుకుని, మేకులున్న గుంజకే మళ్లీ కట్టేసింది.

"సరే" అంది.